ప్లాను గీసినవారు ఎవరి మనిషి?

సంఘం తరఫున షాదీఖానా కట్టినా, పిల్లల హాస్టలు కట్టినా, చందా ఇచ్చినవారు సాధారణంగా అడిగేది ఒక్కటే, ఎంతయింది అని. అంతకంటే ముందు అడగవలసింది ఇంకొకటి ఉంది. ప్లాను గీసినది ఎవరు? వారికి డబ్బు ఇచ్చేది ఎవరు?

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఇంజినీరునూ, డ్రాఫ్ట్స్‌మన్‌నూ, ఒక్కోసారి పెద్ద మేస్త్రీనీ కూడా ఆర్కిటెక్టు అనేస్తాం. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్టరులో పేరున్నవారే అలా చెప్పుకోవాలి. అయితే ఆ పేరు పెట్టుకోకుండా ప్లాను గీస్తే ఈ చట్టం ఆపదు. నోయిడా సంస్థ కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చి 17న ఇదే తేల్చింది. 37వ సెక్షను కాపాడేది హోదాను మాత్రమే. అబద్ధంగా ఆ హోదా వాడుకున్నవారికి మొదటిసారి పడే జరిమానా 500 రూపాయలకు మించదు. ఆ డబ్బుకు ఈ రోజు రెండు బస్తాల సిమెంటు కూడా రాదు! అందుకని విచారించుకునే పని మన కమిటీదే.

రిజిస్టరులో ఉన్నవారికి 1989 నాటి వృత్తి ప్రవర్తన నియమాలు వర్తిస్తాయి. పని చూపించినందుకు కమీషన్లు, కానుకలు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. ఒప్పుకున్న పనిని మనకు చెప్పకుండా వేరొకరికి అప్పగించకూడదు. కాంట్రాక్టు నడిపించేటప్పుడు ఇరుపక్షాలకూ న్యాయంగా ఉండాలి. సొంత లాభం అడ్డొస్తే ఆ సంగతి బయటపెట్టి సమ్మతి తీసుకోవాలి, లేదా తప్పుకోవాలి.

"ప్లాను ఉచితంగా గీయించి ఇస్తాం, పని మాకివ్వండి" అనే కాంట్రాక్టరు మాట కమిటీకి తీయగా ఉంటుంది. ఆ ప్లాను ఖర్చు ఎక్కడో ఒకచోట బిల్లులో చేరుతుంది, అది చిన్న సంగతి. స్లాబు పోసే ముందు చువ్వలు లెక్కపెట్టవలసిన మనిషి ఆ కాంట్రాక్టరు దగ్గరే జీతం తీసుకుంటుంటే, తక్కువైన చువ్వ సంగతి మనకు చెప్పేది ఎవరు? దాతల సొమ్ము అమానతు అంటాం కదా. దాన్ని కాపాడే కాపలాదారుకు ఫీజు మనమే ఇవ్వాలి.

మన నేలకు ఇది మరీ అవసరం. గోదావరి ఒండ్రు, పైపైనే ఉండే నీరు, సముద్రం వైపు ఉప్పుగాలికి తుప్పు పట్టే ఇనుము. 1996 నవంబరు తుఫాను, 2022 జూలై వరద చూసినవాళ్ళం. పక్కింటివారు ఎంత లోతు తవ్వారో మనమూ అంతే తవ్వుదామనే లెక్క పదిమంది చేరే భవనానికి పనికిరాదు. ముందు మట్టి పరీక్ష, ఆపైన పునాదికి స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క. అది ఆర్కిటెక్టు బొమ్మకు వేరుగా చేయించాలి. చిన్న మరమ్మతుకు ఇంతమంది అక్కరలేదు, తెలిసిన ఇంజినీరు చాలు. మన ప్రాంతంలో నిజాయితీగా పనిచేసే ఇంజినీర్లకు కొదవ లేదు.

రిజిస్ట్రేషన్ నంబరుతో ఇంకో ప్రయోజనం ఉంది. వృత్తి దుష్ప్రవర్తన రుజువైతే కౌన్సిల్ మందలించవచ్చు, కొంతకాలం పని ఆపవచ్చు, పేరే కొట్టివేయవచ్చు. రిజిస్టరులో లేనివారి మీద కౌన్సిల్‌కు ఆ అధికారం లేదు. ఆ నంబరు, ఫీజు ఒప్పందం, బిల్లులు సరిచూసేవారి పేరు, ఈ మూడూ తీర్మానం పుస్తకంలో ఉన్నాయేమో వచ్చే సర్వసభ్య సమావేశంలో అడిగి చూడండి.