ఫ్రీ బ్రష్‌లతో గీసిన బొమ్మని అమ్ముకోవచ్చా?

ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో గీసిన బొమ్మ అమ్మితే ఇబ్బందా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. క్రిటానే తీసుకోండి. దాని జీపీఎల్ లైసెన్స్ వర్తించేది సాఫ్ట్‌వేర్‌కి. మీరు గీసిన బొమ్మ మాత్రం పూర్తిగా మీదే. అందులోని బ్రష్‌లతో గీసినా సరే, టీషర్ట్ మీద వేసి అమ్ముకోవచ్చు.

క్లిప్ స్టూడియో అసెట్స్ సంగతి కాస్త వేరు. మెటీరియల్‌ని మీ కమర్షియల్ బొమ్మలో వాడొచ్చు, కానీ ఆ మెటీరియల్‌నే విడిగా అమ్మకూడదు.

బయట నుంచి డౌన్‌లోడ్ చేసే ప్యాక్‌లకైతే లైసెన్స్ చూడాల్సిందే. సీసీ0 అయితే నిశ్చింతగా వాడేయొచ్చు. సీసీ బై అయితే తయారుచేసినవాళ్ల పేరు చెప్పాలి. ఎన్‌సీ అని ఉంటే డబ్బులొచ్చే పనికి వాడొద్దు.

నేనైతే డౌన్‌లోడ్ చేసిన రోజే లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, ప్యాక్ ఉన్న ఫోల్డర్‌లోనే పెడతా. రేపు క్లయింట్ అడిగితే చూపించడానికి ఉంటుంది.