కరివేపాకు కుండీలు రెండు పెట్టు, అమ్మాయ్!

నర్సరీకి వెళ్లి కళ్లు చెదిరే పూలమొక్కలు తెచ్చి బాల్కనీ నింపేశావు. పూలు విరగబూశాయి. కానీ ఒక్క సీతాకోకచిలుకైనా ఇటు తొంగి చూడలేదు. పిట్ట అంటూ వచ్చిందంటే అది పావురమే! అదేగా నీ బెంగ? ఊరుకో, ఇందులో నీ తప్పేం లేదు. మొక్కలమ్మేవాళ్లు మన కంటికి నచ్చేవి చూపిస్తారు గానీ తేనెటీగకి ఏం కావాలో చెప్పరు కదా.

ముందు పూల సంగతి చూద్దాం. ముద్దమందారం అంటే మనకి ముద్దే. కానీ ఆ ముద్దకట్టిన రేకుల్లో చాలామటుకు పుప్పొడినివ్వాల్సిన కేసరాలే రేకులుగా మారిపోయినవి. వచ్చిన తేనెటీగకి అక్కడ తినడానికి పెద్దగా ఏమీ ఉండదు. అడుగున ఉన్న తేనెదాకా ముక్కు దూర్చడానికి పిట్టకీ కష్టమే. అందుకని దాని పక్కన ఒంటిరెక్క మందారం ఒకటి పెట్టు. నూరువరహాలు పెట్టు. వంపు ముక్కు తేనెపిట్టలు పొద్దున్నే వాటికోసం వస్తాయి. కుండీలో వేసిన కొత్తిమీర కాస్త ముదరగానే పీకేస్తాం కదూ? ఈసారి నాలుగు మొక్కలు వదిలెయ్, పూతకి రానీ. తులసి వెన్నులు కూడా అన్నీ తుంచెయ్యకు, సగం ఉంచు. ఎండ పడేసరికి వాటి చుట్టూ ఎంత సందడో చూద్దువు గాని.

ఇప్పుడు అసలు మాట చెప్తాను, ముఖం చిట్లించకు. సీతాకోకచిలుక మనింటికి తేనె తాగడానికి రావడం వేరు, కాపురం పెట్టడం వేరు. కాపురం పెట్టాలంటే దాని పిల్లలు తినే ఆకు మనింట్లో ఉండాలి. అన్ని ఆకులూ తినవవి, మహా పట్టింపు! కరివేపాకు, నిమ్మాకు తినే జాతులున్నాయి. కరివేపాకు మీద నల్లగా, తెల్లమచ్చతో పిట్టరెట్టలా ఏదో అంటుకుని ఉంటే గోటితో గీరి పారేస్తుంటాం. అది రెట్ట కాదు, పురుగే. ఏ పిట్టా తనని తినకుండా ఆ వేషం వేసుకుంటుంది. నాలుగు రోజులు పోతే ఆకుపచ్చగా బొద్దుగా అవుతుంది. మెల్లగా ముట్టుకుని చూడు, తల వెనకనుంచి రెండు కొమ్ముల్లాంటి ఎర్రటి తొండం బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది. పిల్లలకి చూపించు, ఆ పూట ఫోన్ అడగరు.

మరి పోపులోకి కరివేపాకో? అందుకేగా రెండు కుండీలు పెట్టమన్నాను! ఒకటి వంటకి, ఒకటి వాటికి. వంట మొక్క మీద పురుగు కనిపిస్తే ఆకుతో సహా తుంచి రెండో మొక్క మీద పెట్టు. ఆ మొక్క మోడైపోయిందని దిగులు పడకు. వేరు బాగుంటే మళ్లీ చిగురేస్తుంది.

పెరడున్న అదృష్టవంతులకైతే ఇంకా చాలా ఉన్నాయి. బతుకమ్మకి పేర్చే తంగేడు ఉందే, దాని ఆకుల మీద లేతపసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి, పూలకి తుమ్మెదలొస్తాయి. గోడవారన మొలిచిన జిల్లేడునీ పీకించెయ్యకు, నారింజరంగు రెక్కలది దాన్నే వెతుక్కుంటూ వస్తుంది. పాలు మాత్రం కంట్లో పడకుండా చూసుకో. ఇక లాంటానా జోలికి వద్దు. సీతాకోకచిలుకలు వాలతాయని ఎవరైనా చెప్పినా సరే, అడవుల్నీ బంజర్లనీ ఆక్రమించింది చాలు.

చిక్కుడు తీగకి పేనుబంక పట్టిందనుకో, మనకి గుండె జారిపోతుంది, వెంటనే మందు సీసా అందుకుంటాం. ఆగు. ముందు గట్టిగా నీళ్లు చిమ్మి కడుగు. రెండు రోజులు చూడు. ఎర్రటి వీపు మీద నల్లచుక్కల అక్షింతల పురుగులు వస్తాయి, వాటికి పేనుబంకే భోజనం. నల్లగా వికారంగా పాకే వాటి పిల్లల్ని చూసి పురుగుపట్టిందని నలిపేసేవాళ్లే ఎక్కువ, నువ్వు ఆ పని చెయ్యకు. ఇంకో సంగతి తెలుసా? గింజలు తినే పిచ్చుకైనా, తేనె తాగే తేనెపిట్టైనా పిల్లలకి పెట్టేది పురుగులూ సాలీళ్లే. మందు కొట్టి పురుగుల్ని చంపేసి పిట్ట రాలేదని బాధపడితే ఎలా చెప్పు?

మిద్దె మీద తీగలు పెంచేవాళ్ల బాధ ఇంకొకటి, పిందెలు పసుపురంగుకి తిరిగి రాలిపోవడం. చాలాసార్లు అది ఎరువు లోపం కాదు, తేనెటీగ రాకపోవడం. కింద బుల్లి పిందె ఉన్నది ఆడపువ్వు, ఉత్త కాడ ఉన్నది మగపువ్వు. ఈగలు అలవాటు పడేదాకా మనమే ఆ పని చేద్దాం. మగపువ్వు కోసి రేకులు తీసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో అద్దు. గుమ్మడి, కాకర పొద్దున్నే, బీర, సొర సాయంత్రం పూచాక. వంగ, టమాటాలకి తుమ్మెద వస్తే పండగే. పువ్వుని పట్టుకుని ఝుమ్మని ఒళ్లు కదిలిస్తే లోపలి పుప్పొడి జలజలా రాలుతుంది. మామూలు తేనెటీగకి ఆ విద్య రాదు. ఎండిన వెదురుబొంగు ముక్కొకటి వానపడని మూల కట్టు, తుమ్మెద తొలుచుకుని ఉంటుంది.

నీళ్లకి ఖరీదైన గిన్నెలెందుకు? మట్టి మూకుడులో నాలుగు గులకరాళ్లు వేసి, రాళ్లు మునగకుండా నీళ్లు పొయ్యి. తేనెటీగలు రాయి మీద నిలబడి తాగుతాయి. రోజూ పారబోసి కొత్తవి పొయ్యాలి, లేకపోతే దోమల్ని పెంచినవాళ్లమవుతాం. గింజలు మాత్రం నేల మీద చల్లొద్దు, ఊళ్లోని పావురాలన్నీ దిగిపోతాయి. వాటి ఎండిన రెట్ట ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దవాళ్లుంటే మరీను. గోదావరి జిల్లాల్లో ఇళ్ల ముందూ గుళ్లలోనూ కడతారే, ధాన్యపు కుచ్చు, అది వేలాడదియ్యి. పిచ్చుక వేలాడుతూ ఒడుపుగా తింటుంది, పావురానికి అంత నేర్పు లేదు.

ఈగలు కుడతాయని పక్కింటి పిన్నిగారు గొడవ చేస్తే? పాపం, భయం సహజం. తేనెపట్టు జోలికెళ్తే కుడతాయి గానీ పువ్వు మీద పనిలో ఉన్న ఈగకి మనతో ఏం పని పిన్నిగారూ అని నెమ్మదిగా చెప్పు. రెండు బీరకాయలు కూడా ఇచ్చిరా, సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

ఒకమాట మర్చిపోయాను. బాల్కనీ మూలలన్నీ పండగకి తుడిచినట్టు రోజూ దులపకు. తేనెపిట్ట అక్కడి సాలెగూడు పోగులతోనే బెరడు ముక్కలూ ఎండాకులూ అతికి, గుమ్మానికి చిన్న చూరు కూడా దించి, వేలాడే గూడు కడుతుంది. మందారం కొమ్మనో బట్టల తీగనో ఎక్కడ కడుతుందో చెప్పలేం. తీగకే కట్టిందనుకో, పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంచుమించు ఇంకో రెండు వారాలు. ఆ నెల రోజులూ బట్టలు మేడ మీద ఆరెయ్యి. మేడ మెట్లెక్కే పని మీవారికి అప్పజెప్పు, ఏమీ అనుకోరులే!