మడత పగలని క్రిస్మస్ కార్డు

ప్రశ్న: పిల్లలతో ఇంట్లోనే క్రిస్మస్ కార్డులు చేస్తున్నాం. మడతపెట్టిన చోట అట్ట పగులుతోంది, బొమ్మలు అంటించాక ముడతలు పడుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ చేతిలో లోపం లేదమ్మా, చిక్కంతా అట్టలోనే ఉంది. కాగితానికీ బట్టకున్నట్టే ఒక వాలు ఉంటుంది. అట్టను కత్తిరించకముందే నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూడండి. ఎటు సులువుగా వంగితే అటే మడత రావాలి. మడిచే ముందు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీత గీయండి. ఆ గాడి వెంట మడిస్తే పగలదు. 250 జీఎస్ఎం అట్ట సరిపోతుంది. ఏ4 అట్టను సగానికి కోసి, ఒక్కో ముక్కను మడిస్తే రెండు కార్డులు వస్తాయి.

ముడతలకు కారణం తెల్ల జిగురులోని నీరు. తడికి కాగితం ఉబ్బి, ఆరాక ముడుచుకుంటుంది. గ్లూ స్టిక్ గానీ, రెండువైపులా అంటుకునే టేపు గానీ వాడండి.

నక్షత్రాలకు మెరుపు కాగితం కొనకండి. బీరువాలో పాత శుభలేఖలు ఉంటాయి కదా, వాటి బంగారు అంచులు కత్తిరిస్తే ఎంత బాగుంటాయో! 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అచ్చు వేయించిన తొలి క్రిస్మస్ కార్డుకు కూడా రంగులు చేత్తోనే అద్దారు. లోపలి మాట మాత్రం పిల్లల చేతే, తెలుగులో రాయించండి. అక్షరాలు వంకరపోయినా దిద్దకండి.