గుండె రోగమునకు చైనా మందులు: నేత కుటుంబములవారు తెలిసికొనదగిన సంగతులు



చైనా పట్టునూలు మన మగ్గములకు క్రొత్త కాదు. ఆ నూలును మనవారు ఊరక నమ్మి కొనలేదు. తూకము చూచి, బిగువు చూచి, కొంత నేసి చూచిన పిమ్మటనే పడుగుకు తీసిరి. ఇప్పుడు అదే దేశము పేరు చెప్పి గుండె మందులు మన ఇండ్లకు వచ్చుచున్నవి. సంతలలో కొందరును, తెలిసినవారి ద్వారా కొందరును ఆ పొట్లములు తెచ్చుకొనుచున్నారు. “ఇది వాడినచో బి.పి. మాత్ర మానవచ్చును” అని అమ్మువారు చెప్పుచున్నారట. మా సంఘములో ఇద్దరు ముగ్గురు ఆ మాట విని మాత్రలు మానినట్లు మాకు తెలిసినది. అందుచేత ఈ విషయమును పాఠముగా వ్రాయుచున్నాము.

1. గుండెపోటు ఎట్లు వచ్చును

గుండె దినమునకు సుమారు లక్ష సార్లు కొట్టుకొనును. అది కండరము. శరీరమంతటికి రక్తము పంపుచున్నను, తన పనికి కావలసిన రక్తమును తనపై అల్లుకొన్న సన్నని నాళముల ద్వారానే పొందును. ఆ నాళముల గోడలలో ఏండ్ల తరబడి క్రొవ్వు పేరుకొని దారి ఇరుకగును. ఒకనాడు ఆ పేరుకొన్న చోట చిట్లి, అక్కడ రక్తము గడ్డకట్టి, దారి మూసుకొనును. దానికి ముందున్న కండరమునకు రక్తము అందక కొన్ని గంటలలో చచ్చిపోవును. అదియే గుండెపోటు. పడుగులో తెగిన పోగును అప్పుడే అతికిన గుడ్డ నిలుచును. ఇక్కడను అంతే, మూసుకొన్న దారిని ఎంత త్వరగా తెరిచిన అంత కండరము దక్కును.

2. మన బ్రతుకులో ఉన్న కారణములు

2004లో ప్రకటించిన ఇంటర్‌హార్ట్ అను పరిశోధన 52 దేశములలో జరిగినది. చైనా, భారతదేశము రెండును అందులో కలవు. మొదటి గుండెపోటుకు కారణములలో పదింట తొమ్మిది వంతులు తొమ్మిది విషయములలోనే ఉన్నవని తేలినది. అవి పొగ త్రాగుట, రక్తములో చెడు క్రొవ్వు, రక్తపోటు, షుగరు, పొట్ట పెరుగుట, మనోవేదన, కూరలు పండ్లు తక్కువ తినుట, మద్యము విషయములో మితము తప్పుట, ఒళ్లు కదలకుండుట. ఇంకొక సంగతి కలదు. ఆ పరిశోధనలోని దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు 53 ఏండ్ల ప్రాయమున వచ్చినది. తక్కిన దేశములవారికి సుమారు 59. అనగా మనకు ఆరేండ్లు ముందు.

ఈ తొమ్మిదింటిని మన ఇండ్లలో వెదకి చూడుడు. మగ్గము దిగినప్పుడెల్ల ఒక బీడీ, ఒక టీ. షోలాపురమున మన ఆడవారు అనేకులు బీడీలు చుట్టి సంసారము లాగుచున్నారు. ఆ కూలి మనకు అవసరమే గాని, ఆ బీడీ మన ఇంటి మగవారి నోటికి చేరనవసరము లేదు. పొగాకు నములుటయు గుండెకు చెరుపే. గంజిలోనికి ఊరగాయ, అప్పడము, ఉప్పు మిరప. గుంటమగ్గములో చేతులు కాళ్లు ఆడుచున్నవి గదా అని కొందరనుచుందురు. కాని పొద్దస్తమానము కూర్చున్న మనిషికి వేగముగా నడచుట వలన గుండెకు కలుగు మేలు అందువలన కలుగదు. ఇక నూలు ధర, అప్పు, పిల్ల పెండ్లి, వీనిని గూర్చిన దిగులు సంగతి మేము చెప్పనక్కరలేదు.

3. చైనావారి పాత మాట, క్రొత్త పరీక్ష

చైనావారికి రెండు వేల ఏండ్లకు పైబడిన వైద్య గ్రంథమొకటి కలదు. పీత చక్రవర్తి పేర వెలసినది. ఉప్పు మితిమీరి తిన్నచో నాడిలో రక్తము నడక చెడునని అందులో చెప్పబడినది. మన పెద్దలు పథ్యమనగానే ఉప్పు కారములు తగ్గించినది ఇటువంటిదే.

ఆ పాత మాటతో తృప్తిపడక వారి దేశములో పెద్ద పరీక్ష చేసిరి. ఉత్తర చైనాలోని 600 పల్లెలలో సుమారు 21,000 మందిని తీసికొనిరి. వీరు పూర్వము పక్షవాతము వచ్చినవారు, లేదా 60 ఏండ్లు నిండి రక్తపోటు ఉన్నవారు. సగము పల్లెలకు మామూలు ఉప్పు, సగము పల్లెలకు నాలుగింట ఒక వంతు పొటాషియము కలిపిన ఉప్పు. సుమారు ఐదేండ్లు గడచిన పిమ్మట 2021లో ఫలితము ప్రకటించిరి. మార్చిన ఉప్పు తిన్న పల్లెలలో పక్షవాతము నూటికి 14 వంతులు, మరణములు 12 వంతులు తగ్గినవి. ఇట్టి ఉప్పు మన అంగళ్లలోను దొరకును. అయితే మూత్రపిండముల జబ్బు ఉన్నవారును, బి.పి. మాత్రలు వాడువారును డాక్టరును అడుగక దానిని వాడరాదు. ఉన్న ఉప్పునే దినమునకు మనిషికి 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు లోపుగా తగ్గించుటకు పైసా ఖర్చు లేదు.

వారి తాయ్‌చీ అను నెమ్మదియైన వ్యాయామమును కూడ ఇట్లే పరీక్షించిరి. రక్తపోటు హద్దు దగ్గర ఉన్న 342 మందితో బీజింగులో జరిగిన పరీక్ష 2024లో ప్రకటితమైనది. ఏడాదికి పై అంకె తాయ్‌చీ చేసినవారిలో సగటున 7, నడక, పరుగు వంటివి చేసినవారిలో సుమారు 5 తగ్గినది. రెండును మేలే. మనకు నడక చాలును.

4. మందుల సంగతి

చైనా మందులన్నియు వట్టివని మేము చెప్పుట లేదు. తోంగ్‌షిన్‌లువో అను మందులో జిన్‌సెంగ్ వేరుతోపాటు జలగ, తేలు, జెర్రి వంటివి కూడ ఉన్నవి. దానిని 124 ఆసుపత్రులలో, తీవ్రమైన గుండెపోటు వచ్చిన 3,777 మందిపై పరీక్షించి 2023లో ప్రకటించిరి. ముప్పది దినములలో మరణము, మరల గుండెపోటు, పక్షవాతము మొదలగు ఆపదలు ఉత్తి గొట్టములు మ్రింగినవారిలో నూటికి 5.2 మందికి, ఆ మందు మ్రింగినవారిలో 3.4 మందికి వచ్చినవి.

ఇక్కడ గమనింపవలసినది ఒకటి కలదు. ఆ రోగులందరికి ఆసుపత్రి వైద్యము యథాప్రకారము జరిగినది. చైనా మందు దానికి తోడుగా ఇచ్చినదే గాని, దానికి మారుగా ఇచ్చినది కాదు. “మాత్రలు మాని ఇది వాడుడు” అని చైనాలోని ఆ డాక్టర్లే చెప్పలేదు. సంతలో పొట్లము అమ్మువాడు ఎట్లు చెప్పగలడు?

5. పొట్లములో దాగిన ప్రమాదము

వేరు, ఆకు గనుక హాని లేదనుట సరికాదు. డాన్‌షెన్ అను ఎర్రని వేరు చైనాలో గుండెకు పేరుపొందినది. గుండె కవాటము మార్పించుకొని వార్ఫరిన్ మాత్ర వాడుచున్నవారు దానిని కలిపినచో రక్తము మితిమీరి పలుచనై లోపల స్రవించవచ్చును. ఫూజి అనునది మన వసనాభి జాతిదే. శుద్ధి సరిగా కానిచో గుండె నడక తప్పించి ప్రాణము తీయును. మా హువాంగ్ అనునది రక్తపోటును పెంచును. అది కలిపిన బలపు మందులను అమెరికాలో 2004లో నిషేధించిరి. అతిమధురము వారి కషాయములలో అనేకములందు కలదు, దగ్గుకు మన ఇంటను కలదు. దానినే చాలా కాలము దినదినము వాడినచో రక్తపోటు పెరిగి, పొటాషియము తగ్గును. బియ్యమునకు ఎర్రని బూజు పట్టించి చేయు మందులో కొలెస్టరాలు మాత్రలోని వస్తువే ఉండును. అది తెలియక రెండును మ్రింగిన మోతాదు మించును.

6. చేయవలసిన పని

బి.పి. మాత్రను ఎవరి మాట మీదను మానరాదు. అంకె తగ్గినదనగా మాత్ర పనిచేయుచున్నదని అర్థము, రోగము పోయినదని కాదు. ఏ పొట్లము వాడుచున్నను దానిని తీసికొనిపోయి డాక్టరునకు చూపుడు. పెద్దాసుపత్రికి పోవు స్తోమత లేనివారు సర్కారు ఆరోగ్య కేంద్రమునకు పోవచ్చును. 30 ఏండ్లు దాటిన ప్రతివారు, ఆడవారు కూడ, ఏడాదికొకసారియైన బి.పి., షుగరు చూపించుకొనవలెను. రెండు మూడు పర్యాయములు చూచినను 140/90 గాని అంతకు మించి గాని ఉన్నచో వైద్యము మొదలుపెట్టవలెను.

రొమ్ముపై బరువు పెట్టినట్లుండుట, నొప్పి ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకుట, చెమటలు పట్టుట గుండెపోటు గుర్తులు. ఆడవారికి, షుగరు ఉన్నవారికి ఆయాసము, నీరసము మాత్రమే కనిపించవచ్చును. గ్యాసు అనుకొని సోడా త్రాగి పడుకొనరాదు. చేతిలో పని వదలి 108కు ఫోను చేయవలెను.

మా సంఘమున ఇక మీదట నేసిన గుడ్డ అప్పగించి మజూరీ తీసికొను దినమున బి.పి. చూచుటకు ఏర్పాటు చేయుచున్నాము. ఆ అంకెను మజూరీ పుస్తకము చివరి పేజీలో వ్రాయుదుము. చూచు పరికరము వెల పెద్దది కాదు, ఏ సంఘమైనను కొనగలదు. తక్కిన ఊళ్లలోని సంఘములవారు కూడ ఈ పద్ధతి పెట్టినచో, ఏ ఇంటిలో ఎవరికి మాత్ర అవసరమో, ఎవరు మానినారో వేళకు తెలియును. మజూరీ పుస్తకములో బాకీ చూచుకొన్నట్లే ఈ అంకెను కూడ చూచుకొనుడని సభ్యులను కోరుచున్నాము.

ఇట్లు,
కార్యదర్శి,
చేనేత సహకార సంఘము