సౌందర్య సాధనాలు – జంతు పరీక్షలు

డ్రెయిజ్ పరీక్ష (1944): కుందేలు కంట్లో రసాయనం వేసి మంట, వాపు చూడటం. నైతిక అభ్యంతరం: మందుకు ప్రాణావసరం అనే వాదనైనా ఉంది, లిప్‌స్టిక్‌కు అదీ లేదు.

మూడు 'ఆర్'లు: రసెల్, బర్చ్ (1959). రీప్లేస్‌మెంట్, రిడక్షన్, రిఫైన్‌మెంట్. చివరి రెండే తికమక: రిడక్షన్ జంతువుల సంఖ్యను తగ్గిస్తుంది, రిఫైన్‌మెంట్ వాటి బాధను.

భారత్: 2014 మేలో పరీక్షలపై నిషేధం (అప్పటి నిబంధన 148-సి), నవంబరు నుంచి అలా పరీక్షించిన సరుకు దిగుమతిపైనా (అప్పటి 135-బి). ఔషధ పరీక్షలకు వర్తించదు. బిట్ ఇక్కడే వస్తుంది.

ఐరోపా సమాఖ్య: అలా పరీక్షించిన సరుకు అమ్మకాలపై పూర్తి నిషేధం 2013 మార్చి 11.

జంతుహింస నివారణ చట్టం: 1960. ప్రయోగాల పర్యవేక్షణ కమిటీ: సెక్షన్ 15.

జీవకారుణ్యం ప్రాథమిక విధి: 51ఎ(జి), 42వ సవరణ, 1976. 48ఎతో కలిపి చదవండి. అది ఆదేశిక సూత్రం.