సూర్యుని కడకు పోవు బాట

అమెరికా సంయుక్త రాష్ట్రములకు ఉత్తరమున, కెనడా సరిహద్దు నానుకొని మొంటానా అను రాష్ట్రము కలదు. అందలి రాకీ పర్వతములలో కొంత భాగమును 1910లో ప్రభుత్వము గ్లేసియర్ జాతీయవనముగా ప్రకటించెను. గ్లేసియర్ అనగా హిమానీనదము. వనము ఏర్పడినను, దానిని పడమటినుండి తూర్పునకు దాటుటకు బండిబాట లేదు. గుఱ్ఱములపై పోవువారికి కొన్ని దినములు పట్టుచుండెను. నేడు మోటారుబండిలో కొన్ని గంటలలో దాటవచ్చును. ఆ మార్గము పొడవు ఏబది మైళ్లు. ప్రక్కనున్న ఒక శిఖరమును బట్టి దానికి ‘సూర్యుని కడకు పోవు బాట’ అను పేరు వచ్చినది.

కొండపై బాట వేయుట కష్టమే. కాని కొండ అందము చెడకుండ వేయుట మరింత కష్టము. ఇంజనీరు జార్జి గుడ్విన్ తయారుచేసిన పథకము ప్రకారము బాట ఒక లోయనుండి పదునైదు మెలికలు తిరుగుచు కనుమకు ఎక్కవలెను. అది ఖర్చు తక్కువ దారి. థామస్ వింట్ అను యువకుడు దీనికి ఒప్పుకొనలేదు. అన్ని మెలికలు వేసినచో లోయ గనులు త్రవ్విన చోటువలె గాట్లు పడి కనబడునని అతని వాదము. గార్డెన్ వాల్ అను నిట్టనిలువు రాతిగోడ వెంబడి, ఒకే ఒక మలుపుతో, బాటను తిన్నగా పైకి తీసికొనిపోవచ్చునని అతడు చూపెను. ఖర్చు పెరుగును, పని కష్టమగును. అయినను జాతీయవనముల శాఖ అధిపతి స్టీఫెన్ మాథర్ 1924లో వింట్ పక్షమునే మొగ్గెను. పెద్ద ఇంజనీరు మాట కాదని ఒక యువకుని మాట నెగ్గుట సర్కారు కచేరీలలో తరచుగా జరుగునది కాదు! మరుసటి సంవత్సరము గుడ్విన్ ఉద్యోగము విడిచెను.

1924 శరత్కాలముననే ఫ్రాంక్ కిట్రెజ్ కొలతలు ప్రారంభించెను. అతని మనుష్యులు ప్రతిదినము వేల అడుగులు ఎక్కి పని స్థలము చేరి, త్రాళ్లు పట్టుకొని, సన్నని రాతి అంచులపై నిలిచి కొలిచిరి. ఆ భయమునకు ఓర్వలేక పలువురు పని మాని పోయిరి. కట్టడము నడచు కాలమున ముగ్గురు కూలీలు ప్రాణములు కోల్పోయిరి. కొండ పగిలి చెదరకుండ చిన్న చిన్న మందుపేలుళ్లే వాడవలెనని కట్టడి చేసిరి. ప్రహరీలకును వంతెనలకును అచ్చటి రాతినే వాడిరి. అందువలన దూరమునుండి చూచువారికి బాట కొండలో కలిసిపోయినట్లుండును. 1933 జూలై 15న లోగన్ కనుమయొద్ద ప్రారంభోత్సవము జరిగెను. ఆ కొండలను ఎంతో కాలమునుండి తమవిగా ఎరిగిన బ్లాక్‌ఫీట్ మున్నగు తెగలవారును దానికి వచ్చిరి.

లోగన్ కనుమ ఎత్తు 6,646 అడుగులు. ఇది ఖండమునకు నీటి విభజనరేఖ. కనుమకు పడమట కరగిన మంచు పసిఫిక్ మహాసముద్రమును చేరును. తూర్పున కరగినది ఉత్తరముగా ప్రవహించి హడ్సన్ అఖాతములో కలియును. కనుమకు చేరకముందే ‘ఏడ్చు గోడ’ అను చోట రాతిమీదినుండి నీరు బాటపైకి జాలువారుచుండును. పైకప్పు తెరచిన పాత ఎఱ్ఱ బస్సులలో అటు పోవువారు వేసవి మొదట తడియక తప్పదు.

శీతకాలమున బాట మూయబడును. కనుమకు తూర్పున మంచుమేట కొన్ని యేండ్లు ఎనుబది అడుగుల లోతు వరకు పెరుగును. దానిని తొలగించుటకు వసంతమున వారములకొలది యంత్రములు పనిచేయును. బాట మొత్తము తెరచుకొనుట సాధారణముగా జూన్ చివరనో జూలైలోనో. హిమపాతములు కొట్టుకొనిపోవు చోట్ల ప్రహరీకి బదులు దుంగలు అమర్చి, శీతకాలమునకు ముందు వానిని ఊడదీయుదురు.

తూర్పు దిశగా దిగునపుడు ఒక చోట బండి నిలిపి జాక్సన్ హిమానీనదమును చూడవచ్చును. బాటనుండి కానవచ్చు హిమానీనదములు మిక్కిలి తక్కువ. 1966లో ఈ వనమున నిర్ణీత పరిమాణము గల హిమానీనదములు 35 ఉండగా, 2015 నాటికి 26 మాత్రమే మిగిలినవి. భూమి వేడెక్కుటయే దానికి ముఖ్యకారణము. ఆ వేడికి పెట్రోలు పొగయు ఒక హేతువు; వానిని చూడవచ్చు జనమో, మోటారుబండ్లలోనే వత్తురు.