కెమెరా వెనకున్న అమ్మలుకి

అమ్మలూ,

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరం ఎందుకు అమ్మమ్మా అంటావని తెలుసు. ఫోనులో నేను నోరు తెరిచేలోపే "తిన్నావా, మాత్ర వేసుకున్నావా" అని నువ్వే పెద్దదానివైపోయి అడగడం మొదలుపెడతావు, నేను చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. అందుకని ఇదిగో, కళ్లజోడు తుడుచుకుని కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

మొన్న ఆదివారం గుడిలో నువ్వు నడిపే ఆరాధన లైవు నెట్టు పోయి మధ్యలో ఆగిపోతే, ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా ముడుచుకు పడుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఎందుకే తల్లీ అంత బాధ? మీ తాతయ్య ఉపదేశిగా ఉన్న రోజుల్లో, సంఘంలో ఏ పని చెడిపోయినా ఒక కథ చెప్పేవారు. 1812 మార్చిలో బెంగాల్లోని సెరంపూరులో విలియం కేరీ గారి అచ్చాఫీసు తగలబడిందట. కాగితాలూ, ఏళ్ల తరబడి రాసిపెట్టుకున్న ప్రతులూ, పోతపోసిన అక్షరాలూ అన్నీ ఒక్క రాత్రిలో పోయాయి, వాటిలో మన తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. కరిగి ముద్దయిన లోహాన్నే మళ్లీ పోతపోసి పని మొదలుపెట్టారు, 1818కి తెలుగు కొత్త నిబంధన అచ్చయి వచ్చింది. ఇక్కడిదాకా చెప్పి ఆగి, "కేరీ గారి పేరు అందరికీ తెలుసు, ఆ అక్షరాలు చెక్కే పనిలో ఉన్న మనోహర్ కర్మకార్ పేరు మనలో ఎంతమందికి తెలుసు?" అని అడిగేవారు. ఎవరూ మాట్లాడేవారు కాదు. కెమెరా వెనక నిలబడి వైర్లు చుట్టుకుంటున్న నిన్ను ఆయన చూసి ఉంటే ఏమనేవారో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

వాక్యం ఇలా దూరం నుంచి ఇంటికి రావడం నిన్నగాక మొన్న మొదలైందని మీ పిల్లలు అనుకుంటారు గానీ, నేను కాపురానికొచ్చిన కొత్తలోనే మన ఇంట్లో రేడియో ఉండేది. సీషెల్స్ దీవుల్లో 1970లో మొదలైన ఫీబా రేడియోవాళ్ల తెలుగు కార్యక్రమం అంత సముద్రం దాటి మన పెరట్లోకి వచ్చేది. మీ తాతయ్య రాగి తీగ ఒకటి వేపచెట్టుకి కట్టి, దాని కొస కిటికీలోంచి లోపలికి లాగి రేడియోకి తగిలించారు. గాలి వీస్తే ప్రసంగం దూరంగా వెళ్లిపోయేది, మళ్లీ దగ్గరికొచ్చేది, మధ్యలో గరగర. బ్యాటరీలు నీరసిస్తే పళ్లెంలో పెట్టి ఎండలో ఆరబెట్టేదాన్ని, ఇంకో రెండు పూటలు లాగేవి. పేటలోంచి ఆడవాళ్లొచ్చి మా గుమ్మంలో కూర్చునేవారు, వాళ్లలో చదువొచ్చిన వాళ్లు ఒకరో ఇద్దరో. వాక్యం చెవిన పడితే చాలు, పట్టేసేవారు. మనకి ఇవాళ బైబిలు ఫోనులో ఉందని నువ్వు గొప్పగా చెప్పినప్పుడు నాకు వాళ్లే గుర్తొచ్చారు, కనుకనే నువ్వు మన పక్కింటి పెద్దమ్మకి చేసిన పని నాకు అంత నచ్చింది. పోయిన సంక్రాంతి సెలవులకి వచ్చి, ఆవిడ బటన్ల ఫోనులో చిన్న మెమరీ కార్డు పెట్టి, సువార్తలన్నీ ఎవరో చదివినవి అందులో ఎక్కించి, ఏ బటను నొక్కితే మొదలవుతుందో ఆవిడ వేలు పట్టుకుని ఎన్నిసార్లు చూపించావో! చివరికి ఆ బటను మీద గోళ్లరంగు చుక్క పెట్టి వెళ్లావు. ఆవిడకి ఇప్పటికీ అక్షరం రాదు, యోహాను సువార్త మాత్రం నాకంటే బాగా వచ్చు. పొద్దున్నే పొయ్యి దగ్గర ఆ ఎర్ర చుక్క నొక్కి వింటూ కూర్చుంటుంది.

సినిమా సంగతి నీకెప్పుడైనా చెప్పానో లేదో. 1978లో వచ్చిన కరుణామయుడు, విజయచందర్ గారు యేసుప్రభువుగా వేసింది, తరవాత కొన్నేళ్లకి మిషను వాళ్లు జనరేటరూ ప్రొజెక్టరూ బండి మీద వేసుకుని ఊరూరా చూపించేవారు. మన చెరువు గట్టు మీద రెండు వెదురుబొంగులు పాతి తెల్లగుడ్డ కట్టారు. జనం ఎంతమంది వచ్చారంటే ముందు చోటు చాలక తెరకి వెనకవైపు కూడా కూర్చున్నారు, వాళ్లకి ప్రభువు ఎడమచేత్తో దీవిస్తున్నట్టు కనబడ్డాడు. మామూలు రోజుల్లో మన పేటవైపు కన్నెత్తి చూడని వాళ్లు కూడా ఆ రాత్రి ఆ చీకట్లో మన పక్కనే కూర్చుని ముక్కు చీదుకున్నారు. తెల్లారాక ఎవరి దారి వాళ్లదే అయింది, అది వేరే సంగతి.

2020 మార్చిలో కరోనాతో గుళ్లకి తాళాలు పడ్డాక, ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే, 12న పండగ. నా జన్మలో పునరుత్థాన పండగ నాడు గుడికి వెళ్లకుండా ఉన్నది అదే మొదలు. పాస్టరు గారు వాళ్లింట్లో ఫోను బియ్యండబ్బాకి ఆనించి ప్రసంగం చెప్పారు, నువ్వప్పటికింకా స్కూలు పిల్లవి, ఆయన మొహం సగమే కనబడుతోందని మెసేజి పెట్టి ఫోను ఎత్తు సరిచేయించావు. ప్రభు భోజనం తెరలో చూస్తూ ఇంట్లో తీసుకోవడం నా మనసు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోదు. నీకది చాదస్తమనిపిస్తే అనిపించనీ. ఒకే రొట్టె విరిచి పక్కవాళ్లతో పంచుకోవాల్సినది అది. పాట మటుకు ఆ రోజు వీధి వీధంతా ఎవరి అరుగు మీద వాళ్లు నిలబడి పాడాం, ఫోను ఫోనుకీ కాస్త వెనకా ముందూ అయి ఒకే చరణం నాలుగిళ్లలో నాలుగుసార్లు వినబడింది.

పాపని వాళ్లమ్మ దగ్గర వదిలి కువైట్‌లో ఇంటిపని చేస్తున్న మీ వీధి అమ్మాయి, నీకు అక్క వరస, ఫోను చేసినప్పుడల్లా నిన్ను అడుగుతుంది. మనకి తొమ్మిదిన్నరకి ఆరాధన మొదలైతే వాళ్లకి పొద్దున్న ఏడు. సెలవు దొరికితే శుక్రవారమే, అదీ ఇంటివాళ్లు పంపితేనే అక్కడి తెలుగు ఆరాధనకి వెళ్లగలదు. ఆదివారం మాత్రం ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని గిన్నెలు తోముకుంటూ మీ గుడి గంట వింటుందట. లైవు కింద "వందనాలు" అని పెడితే నువ్వు ప్రతివారం "వందనాలు అక్కా, పాప బాగుంది, ముందు వరసలో అమ్మమ్మ ఒళ్లో కూర్చుంది" అని రాస్తావట. ఆ పాప తల్లికి ఈ ఒక్క ముక్క చాలు, ఆ వారమంతా గడుస్తుంది. నాకు ఈ సంగతి నువ్వు చెప్పలేదు, చెప్పవని కూడా తెలుసు.

కిందటి నెలలో ఒక ఆదివారం ప్రార్థన వేళ ఒకామె ముందుకొచ్చి మోకరించింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అది కనబడిందో లేదో, కెమెరా మెల్లగా జరిగి కిటికీ దగ్గర పూలకుండీ మీద ఆగింది, ఆమె లేచి వెళ్లేదాకా అక్కణ్ణించి కదల్లేదు. నా పక్కన కూర్చుని ఫోనులో లైవు చూస్తున్నావిడ "పాడైందేమోనే" అంది. నేను ఊరుకున్నాను. సండే స్కూల్లో వాక్యం మరిచిపోయి నిలబడిపోయిన పిల్లాడికి, నీ వంతు కాకపోయినా లేచి గొంతు కలిపిన పిల్లవి నువ్వు. ఆ కెమెరా ఎవరి చేతిలో ఉందో నాకు ఒకరు చెప్పాలా?

కాస్త భయం కూడా ఉందమ్మా, దాచను. ఎంతమంది చూశారో ఆ అంకె పదే పదే చూసుకుంటున్నావని మీ అమ్మ అంటోంది. ప్రార్థన గ్రూపులో ఒకరి జబ్బు సంగతి పెడితే సాయంత్రానికి ఊరంతా తిరిగొస్తోంది, అది నీ చేతిలో ఉన్నంతవరకు ఆపు. కానుక డబ్బుల పెట్టె సంగతిలో నువ్వు చేసినట్టే చెయ్యి. గుమ్మం దగ్గర క్యూఆర్ కోడు పెట్టి, పక్కన ఆ మాట్లాడే డబ్బా పెడితే, కానుక వేసిన ప్రతివారి మొత్తం గుడంతా వినబడేట్టు చదివిందట కదా! రెండో ఆదివారానికి నువ్వు నోరు మూయించావని విని నవ్వలేక చచ్చాను. వంటకి ముందు గుప్పెడు బియ్యం తీసి కుండలో వేసి, నెలాఖరుకి గుడికి పట్టుకెళ్లినవాళ్లం మేము. ఎవరి గుప్పెడు ఎంతో ఏనాడూ తెలియలేదు.

గుడ్ ఫ్రైడే దగ్గరికొచ్చింది. పన్నెండు నుంచి మూడింటిదాకా నిలబడాలి, ఉపవాసమైనా మధ్యలో కాస్త మజ్జిగ తాగు, నీ ఒంటి సంగతి నాకు తెలుసు. మైకు హార్మోనియానికి అంత దగ్గర పెట్టకు, గొంతులు వినబడటం లేదు. కీర్తనల పుస్తకంలో అక్షరాలు నాకిప్పుడు ఆనవు, నువ్వు నల్ల తెర మీద పసుపు అక్షరాలు వేసినప్పటి నుంచి మళ్లీ పాడుతున్నాను. అయితే పోయినవారం ఆఖరి రెండు చరణాలు ఎవరో వదిలేశారు, టైము లేదని కాబోలు. మాకు అన్ని చరణాలూ కావాలి, పాస్టరు గారితో చెప్పు. పండక్కి వచ్చేటప్పుడు నా ఫోనుకి చార్జరు వైరు ఒకటి కొనుక్కురా. ఇప్పుడున్నది ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే ఎక్కుతోంది.

మీ అమ్మమ్మ